ఫ్లెక్సీ మీద ఒక్క మాట గురించి

గౌరవనీయులైన విచారణాధికారి గారి సముఖమునకు,

అర్జీదారు: జయరాజు, పదవీ విరమణ చేసిన బస్టాండు కంట్రోలరు, సీయోను కాలనీ, మేడ్చల్ – శామీర్‌పేట్ రోడ్డు.

అయ్యా,

విషయం: ఇండ్లలోనికిని, స్నానపు నీళ్ళు కాచు గ్యాస్ గీజర్లలోనికిని పురుగులు చొరబడుట గురించి; తత్సంబంధముగా తమ కార్యాలయము వారు రోడ్డు మలుపున కట్టించిన ఫ్లెక్సీలో ఒక్క మాట తీసివేయుట గురించి.

విషయము ఇంత పొడుగెందుకని తమకు తోచవచ్చును. నాకు కావలసినది రెండవ సగమే. మొదటి సగము తమ కౌంటరులో కూర్చుండు లత గారు పెట్టించినది. పోయిన వారము నేను వచ్చి "ఒక మాట తీసివేయించాలమ్మా" అంటే ఆమె కంప్యూటరు వైపు చూసి, "సార్, మాట తీసేసుడు అని ఇందుల లేదు. కుక్కలు, దోమలు, పురుగులు, మోరీలు, వీధి లైట్లు. గివే ఉన్నయి. ఏదన్న ఒకటి జెప్పుండ్రి, ఎక్కిస్త" అన్నది. నేను ఆ వరుస మళ్ళీ ఒకసారి చెప్పించుకొని, పురుగులు అన్నాను. అది అబద్ధము కూడా కాదు.

నేను బస్టాండులో మైకు పట్టుకొని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారము మీదికి వచ్చునో చెప్పుచు ఉద్యోగము చేసిన వాడను. మాట తప్పు పలికితే జనము తప్పు బస్సు ఎక్కుతారు. కనుక మాటల విషయములో నాకు పట్టింపు ఎక్కువ. మా కోడలు రోజీ దీనిని చాదస్తమనేది. "మామా, నువ్వు అన్నం పెట్టుమని కూడ అనౌన్సుమెంటు లెక్కనే అడుగుతవ్" అని నవ్వేది. ఆ పిల్ల గురించే ఈ అర్జీ.

ఫిర్యాదులు ఈ దిగువ వరుసగా మనవి చేయుచున్నాను.

1. వానాకాలము మొదలు మా కాలనీలో పురుగుల బెడద మితిమీరి యున్నది. ఎర్రచీమలు స్విచ్చుబోర్డులలో కాపురము పెట్టినవి. మా ఇంటి కాలింగ్ బెల్లు ఎవరూ నొక్కకుండానే మోగును. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. బొద్దింకలు ఫ్రిజ్ వెనుక మోటారును అంటిపెట్టుకొని పడుకుంటాయి. వెచ్చగా ఉన్న ప్రతి చోటూ వాటిదే. దీనిపై ఇదివరలో ఫిర్యాదు చేసి యున్నాను. తమ వారు వచ్చి మందు కొట్టిరి. ఆ సంగతి ముందు వచ్చును.

2. మా ఇంటి స్నానాల గదిలో గ్యాస్ గీజరు గలదు. మా అబ్బాయి ఫిన్నీ కండ్లకోయలో ఒక ఇంజనీరింగు కాలేజీ బస్సు నడుపుతాడు. చీకటితో లేస్తాడు. కోడలు రోజీ పేట్ బషీరాబాద్‌లో కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. ఈ అర్జీ వ్రాయుటకు పెట్టుకున్న కళ్ళద్దాలు ఆమె నా ముక్కుకు సరిచూసి పెట్టినవే. ఇద్దరికీ పొద్దున్నే వేడినీళ్ళు కావాలి, మా వైపు కరెంటు సంగతి తమకు తెలియనిది కాదు, అందుకని గ్యాసుది పెట్టించాము. దాని పొగ పోవుటకు ఒక గొట్టము గోడలో నుండి పెరటి వైపునకు పోవును. మెకానిక్ అన్నీ సక్రమముగా బిగించినాడు. యంత్రములో లోపమేమీ లేదని తమ విచారణలోనే తేలినది.

3. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, గీజరు ఇంకా వాడకములోనికి రానప్పుడు, ఆ గొట్టము మూతిలో ఒక కుమ్మరి పురుగు గూడు కట్టుట మొదలుపెట్టినది. నల్లగా, సన్నని నడుముతో, కాళ్ళు వేలాడేసుకొని ఎగిరే ఈగ. చెరువు వైపు నుండి తడిమన్ను ఉండలుగా తెచ్చి గదులు గదులుగా కట్టును. తమరు ఏ జిల్లావారో తెలియదు గాని, కుమ్మరి పురుగు ఇంట్లో గూడు పెడితే ఆ ఇంట్లో బిడ్డ పుడుతుందని అననివారు మా ఎరుకలో లేరు. ఎర్రమన్ను తెస్తే మగపిల్లవాడు, నల్లమన్ను తెస్తే ఆడపిల్ల. మా గొట్టములోకి నల్లమన్ను వచ్చింది.

మా ఇంట్లో పిల్లలు లేరు. రోజీ, ఫిన్నీల పెండ్లయి చాలా ఏండ్లయింది. ఎక్కని దవాఖాన మెట్టు లేదు. అందరి మాటలూ పడింది ఆ పిల్ల, ఎవరికీ తిరిగి ఒక్క మాట అనలేదు.

గూడు మొదట చూసినది నా భార్య ఎలీషమ్మ. బట్టలు ఆరవేస్తూ చూసి, బకెట్ అక్కడే వదిలి లోపలికి ఉరికి వచ్చింది. "బిడ్డా, రోజీ! జల్దీ రా, ఎవలొచ్చిన్రో చూడు" అన్నది. అత్తాకోడళ్ళు ఇద్దరూ గోడ కింద నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా చూశారు. ఆ సాయంత్రము రోజీ నాకు టీ ఇస్తూ, "మామా, మనింటికి కిరాయికొచ్చిన్రు" అన్నది. నాకేమీ అర్థము కాలేదు. తర్వాత ఆ గూటికి పేరు కూడా పెట్టింది. రేచల్ అని. డ్యూటీ నుండి వచ్చి చెప్పులు విడవకముందే పెరట్లోకి పోయేది. ఎక్కడికమ్మా అంటే, "రేచల్ ఉందో లేదో చూసొస్త."

మా పాస్టరుగారి చెవిన పడి, విశ్వాసులు పురుగుల మీద ఆశ పెట్టుకోవడమేమిటని ఎలీషమ్మను మందలించారు. ఆమె ఊరుకునే మనిషి కాదు. "అయ్యగారూ, దేవుడు గాడిదతోటి మాట్లాడిచ్చిండు గద, పురుగుతోటి మాట్లాడియ్యడా?" అన్నది. ఆయన నవ్వి వెళ్ళిపోయారు.

4. ఇక తమ విచారణ నివేదికలో "గొట్టమునందలి గూటిని ఇంటివారు నిర్లక్ష్యముగా వదిలివేసి" అని వ్రాయబడినది. అయ్యా, వదిలివేయుట అంటే ఏమిటో నేను సవినయముగా మనవి చేయవలసి యున్నది. చలికాలం ముందర గీజరు చూసిపోయే మెకానిక్ లక్ష్మణ్ ఈసారి కూడా వచ్చినాడు. "అక్కా, గొట్టంల కుమ్మరి పురుగు పెట్టింది. స్క్రూడ్రైవర్‌తోటి పొడిచి తీసేస్త" అన్నాడు. రోజీ పరిగెత్తి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నది. "అద్దన్నా. నీకు దండం బెడ్త, దాన్ని ముట్టకు." అతడు ఆమె వైపు చూసి, తలుపులో నిలబడ్డ ఎలీషమ్మ వైపు చూసి, సంగతి అర్థమై స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. "సగమే మూసింది తియ్యక్కా, పొగ పోతది. పిల్లలెగిరిపోయినంక ఫోన్ జెయ్యుండ్రి, వచ్చి సాఫ్ జేస్త" అన్నాడు.

పక్కింటి గోపాలరావు గారు కాకినాడ వైపు వారు, బ్యాంకు ఉద్యోగి, చదువుకున్న మనిషి. ఆయన భార్య అమ్మాజీ గారు గూడు చూడటానికే వచ్చి, "మా వైపూ అంతేనండి! మా ఆడపడుచుకి సరిగ్గా ఇలాగే పెట్టిందండి, సంవత్సరం తిరక్కుండానే పిల్లాడు" అని రోజీ బుగ్గ పట్టుకొని పోయారు.

తమ కార్యాలయం తరఫున మందు కొట్టుటకు వచ్చిన మనిషి కూడా ఆ గొట్టం ముందు నిలబడ్డాడు. "దాని మీద కొట్టకు కొడుకా" అన్నది ఎలీషమ్మ. "అయ్యో, కుమ్మరి పురుగా అవ్వా? మా ఇంట్ల తలుపు మూలకు పెట్టినప్పుడే మా బిడ్డ కడుపుల వడ్డది. దీని మీద నేనెందుకు కొడ్త?" అని మందు గొట్టాన్ని అటు తిప్పుకొని, మిగతా గోడంతా కొట్టిపోయాడు. అతని పేరు నన్ను అడగవద్దు. చెప్పను. ఎవరినీ పట్టించుటకు వ్రాసే కాగితము కాదిది. ఇంతమంది చూసి, ఇంతమంది చెయ్యి వెనుకకు తీసుకున్న గూటిని ఇంటివారు "వదిలివేసిరి" అని వ్రాయుట న్యాయము కాదని మాత్రమే మనవి.

5. చలి మొదలైనది. మేడ్చల్ చలి తమకు తెలుసు, పొద్దున్నే వేళ్ళు వంకర్లు పోతాయి. స్నానాల గది కిటికీకి ఫిన్నీ ప్లాస్టిక్ కవరు కట్టినాడు. గీజరు వెలిగించుట మొదలుపెట్టినాము.

కొన్నాళ్ళకు రోజీ స్నానం చేసి బయటికి రాగానే గోడ పట్టుకొని నిలబడటము మొదలైనది. తల తిరుగుతుందనేది. ఒకనాడు మోరీ దగ్గర కూర్చొని వాంతి చేసుకున్నది. ఎలీషమ్మ చీపురు పారేసి వెళ్ళి కోడలి నుదురు పట్టుకున్నది. పట్టుకొని, అక్కడి నుండే నన్ను కేకేసింది: "ఏమయ్యో! ఇంటున్నవా? కక్కులు వెట్టినయి! నా బిడ్డకు కక్కులు వెట్టినయి!"

కక్కులనగా మా వైపు వేవిళ్ళు. అయ్యా, మా ఇంట్లో అంతటి సంతోషము ఫిన్నీ పెండ్లినాడు కూడా లేదు. ఎలీషమ్మ చింతకాయ తొక్కు నూరింది. కోడలిని చీపురు ముట్టనివ్వలేదు, బిందె ఎత్తనివ్వలేదు. "ఇగ నువ్వు సల్లనీళ్ళ జోలికి పోకు బిడ్డా, పానం బాగుండది, మంచిగ కాగినయే పోసుకో" అన్నది. ఎక్కువ సేపు పోసుకొమ్మన్నది. ఒళ్ళు నొప్పులు పోతాయన్నది. వాంతి ఎంత ఎక్కువైతే అంత సంబరము. ఆడపిల్ల గట్టిగా నిలబడిందన్నది. నేనే చెప్పాను రోజీకి, ఒకసారి పరీక్ష చేయించుకో అమ్మా అని. ఆమె తల వంచుకొని, "మామా, పోయినసారి పరీక్ష జేసుకొని ఏడ్చినం గద. గీ ఒక్క నెల నన్ను గిట్లనే ఉండనియ్యి" అన్నది. ఆ మాటకు ఎదురు చెప్పే నోరు నాకు లేదు. తమరికి ఉండేదా?

ఫిన్నీ బస్సు అద్దం మీద చిన్న గౌను బొమ్మ ఒకటి అంటించుకున్నాడు. పిల్లలు ఏంటన్నా అదని అడిగితే చెప్పలేదట.

6. ఆదివారము. నెల మొదటి ఆదివారము, మా సంఘములో రొట్టె, ద్రాక్షారసము పంచు బల్ల ఆరాధన. రోజీ పాటల గుంపులో ముందు పాడే మనిషి. ఆ రోజు పాడవలసిన పాటను స్నానాల గదిలో సాధకము చేస్తున్నది. నేను బయట బూట్లు తుడుచుకుంటూ వింటున్నాను. ఎలీషమ్మ తల దువ్వుకుంటూ వింటున్నది. పాట మధ్యలో ఆగినది. తల తుడుచుకుంటున్నదనుకున్నాను. ఎలీషమ్మ నవ్వి, "మల్ల కక్కుతుంది కావచ్చు నా తల్లి" అన్నది.

నీళ్ళ చప్పుడు మాత్రము ఆగలేదు.

ఫిన్నీ పిలిచినాడు. తలుపు కొట్టినాడు. గోపాలరావు గారు గోడ దూకి వచ్చి, ఇద్దరూ కలిసి తలుపు పగలగొట్టినారు. లోపల పొగ లేదు, వాసన లేదు, ఏమీ లేదు. ఆవిరి మాత్రమున్నది. ఎలీషమ్మ తన చీర విప్పి కోడలి మీద కప్పింది. నేను బయట ఒక బూటుతో నిలబడి యున్నాను. ఎంతసేపు నిలబడి యున్నానో నాకు తెలియదు. తమ విచారణలో "ఆ సమయమున మామగారు ఏమి చేయుచుండెను" అన్న ప్రశ్నకు నేను జవాబు ఇవ్వలేదని వ్రాసి యున్నది. జవాబు ఇదే. ఒక బూటుతో నిలబడి యున్నాను.

నెంబరు ఏడు వేయవలె. నెంబర్లు వేయుట ఇక్కడ మానుచున్నాను, క్షమించవలెను.

దవాఖానలో డాక్టరుగారు చెప్పినారు. ఎండిన గూడు వేడికి పెళుసై విరిగి, ఆ పెళ్ళలు గొట్టము వంపులో పడి పూర్తిగా మూసుకుపోయినవట. పొగ బయటికి పోక లోపలికే వచ్చినదట. దానికి రంగు, వాసన ఉండవట. ఎలీషమ్మ వరండాలో కూర్చొని ఒకటే అడిగింది: "పొట్టల ఎట్లున్నది? పొట్టలది ఎట్లున్నది?" డాక్టరుగారు పొట్టలో ఏమీ లేదన్నారు. ఎప్పుడూ లేదన్నారు. అమ్మాజీ గారు ఓదార్చటానికని, "అదే నయం వదినగారూ, ఒక్క ప్రాణమే పోయింది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఎలీషమ్మ ఆమె వైపు తిరిగి, "ఏం లేదంట అమ్మాజీ. ఏం లేదంట" అంటూ ఆమె ఒళ్ళో పడి ఏడ్చింది. మాకు పోయినవి రెండు. ఒకటి లెక్కలోకి రాదు, అంతే.

డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి ఇంకొకటి కూడా చెప్పినారు. ఆ తల తిరుగుడు, ఆ వాంతులు, అవి కక్కులు కావని. మొదటి రోజు నుండీ అది పొగేనని. ఆ వాంతి రోజే కిటికీ తెరిచి ఉంటే సరిపోయేదని. అయ్యా, బస్సు రద్దయినా, ఆలస్యమైనా, దారిలో పడిపోయినా, జనము తిట్టినా నేను మైకులో చెప్పిన వాడను. ఈ ఒక్కటి నేను నా భార్యకు చెప్పలేకపోయాను.

నా బదులు తమ ఫ్లెక్సీ చెప్పినది.

తమ ఫ్లెక్సీ నాకు కంఠతా వచ్చును. "గ్యాస్ గీజర్‌తో జాగ్రత్త! ఇంటివారి నిర్లక్ష్యం వల్ల మన ప్రాంతంలో నిండు ప్రాణం బలి. తల తిరగడం, వికారం, వాంతులు విషవాయువు లక్షణాలు. వెంటనే కిటికీలు తెరవండి." పక్కన గీజరు బొమ్మ. శామీర్‌పేట్ మలుపులో, బస్టాపు మీద, మా చర్చికి పోయే దారిలో కట్టినారు. ఎలీషమ్మకు చదువు రాదు. బొమ్మ చూసి ఆగింది. బస్టాపులో నిలబడ్డ కాలేజీ పిల్లను, "గిది ఏం రాసిన్రు బిడ్డా?" అని అడిగింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, స్పష్టముగా, గట్టిగా చదివింది. వాంతులు అన్న మాట దగ్గర ఎలీషమ్మ, "మల్ల జదువు" అన్నది. ఆ పిల్ల మళ్ళీ చదివింది. ఎలీషమ్మ రోడ్డు పక్కన మట్టిలో కూర్చుండిపోయింది. కబురు అంది నేను పోయి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చినంక అడిగింది. "నీకెరుకేనా?"

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"దవాఖానల డాక్టరు జెప్పిండు."

"నాకెందుకు జెప్పలే?"

నేను బిందె దగ్గరికి పోయి ఆమెకు నీళ్ళు ముంచి తెచ్చాను.

"పిల్ల కక్కుతుంటే నేను నవ్విన" అన్నది. "దాని నెత్తి పట్టుకొని నవ్విన. ఇంకింత సేపు పోసుకో బిడ్డా అని నేనే లోపలికి తోలిన. ఎన్ని దినాలు తోలిన!" ఆ మాట అన్నాక మా ఇంట్లో ఎవరూ అన్నము తినలేదు. పక్కలు వేసేటప్పుడు మళ్ళీ అడిగింది. "నిర్లక్ష్యం అంటె ఏంది?"

పట్టించుకోకపోవుడు అని చెప్పాను.

ఆమె నా ముఖము వైపు చూసిన చూపు తమరు చూడలేదు. చూసి ఉంటే ఈ అర్జీ అవసరము లేకపోయేది. "పట్టించుకోలేదా? నేను? ఇంకెట్ల పట్టించుకోవాల్నయ్యా, నువ్వు జెప్పు. నువ్వు అన్ని మాటలు ఎరుకున్నోనివి గద. ఇంకెట్ల పట్టించుకుంటరు మనుషులు?"

అది మొదలు ఆమె చర్చికి రావడము లేదు. ఆ మలుపు దాటదు. ముద్ద నోటి దాకా తెచ్చి కింద పెడుతుంది. సన్నబడిపోయింది. రాత్రింబగళ్ళు ఒకటే మాట, "ఏవి కక్కులో, ఏది పొగనో నాకు తెల్వదాయె." ఫిన్నీ సంగతి వేరు. ఆ ఫ్లెక్సీ కింది నుండి బస్సు పోనివ్వలేక, చుట్టు తిరిగి మచ్చ బొల్లారం మీదుగా తోలుతున్నాడు. పిల్లలు క్లాసుకు ఆలస్యమవుతున్నారని కాలేజీ వారు మెమో ఇచ్చినారు. ఏందిరా ఇదంటే, "ఇంటివారు అంటే నేనే గద నాయినా. కిటికీకి కవర్ కట్టింది నేనే" అన్నాడు. కోడలు పోయింది. మిగిలిన ఇద్దరినీ ఆ ఒక్క మాట రోజింత కొరుకుతున్నది. నాకు భయమేస్తున్నది సార్. ఈ కాగితంలో అన్నిటికన్నా నిజమైన వాక్యము ఇదొక్కటే. నాకు భయమేస్తున్నది.

అయ్యా, నిర్లక్ష్యము అనగా లక్ష్యము లేకపోవుట. మా ఇంట్లో ఆ గూటి మీద ఉన్నంత లక్ష్యము ఇంక దేని మీదా లేదు. పొద్దున లేస్తే దాని ముఖమే చూశాము. ఆ పిల్ల ప్రతి వాంతికీ ఒక చెయ్యి నుదుటి మీద ఉన్నది. మాకు లేనిది లక్ష్యము కాదు, తెలివిడి. ఇదే మాట లత గారితో అంటే ఆమె పాపం జాలిపడి, నివేదిక తెరిచి చూసింది. "సార్, మరణ కారణం కాడ నాలుగే ఉన్నయి. యంత్ర లోపం, నిర్లక్ష్యం, ఆత్మహత్య, ఇతరములు. పోనీ, మూఢనమ్మకం అని రాపియ్యన్నా సార్? అది ఇతరములల్ల వస్తది." వద్దమ్మా అన్నాను. ఒక మేకు పీకి ఇంకొకటి దిగగొట్టుట నాకు సమ్మతము కాదు. దానిని మూఢనమ్మకమని వ్రాయదలిస్తే, మెకానిక్ పేరు, అమ్మాజీ గారి పేరు, మందు కొట్టిన మనిషి పేరు, మొదటి రోజున "నల్లమన్నే గదా" అని లోలోపల సంతోషించిన నా పేరు, అన్నీ వ్రాయవలెను. ఫ్లెక్సీ చాలదు.

కావున తమరిని కోరునది:

అ) ఫ్లెక్సీలోను, నివేదికలోను "ఇంటివారి నిర్లక్ష్యం వల్ల" అన్నది తీసివేసి "ఇంటివారికి తెలియక" అని వేయించగలరు. అక్షరాలు దాదాపు అంతే పడతాయి, చోటు సరిపోతుంది. నేను దారపు ముక్కతో కొలిచి చూశాను.

ఆ) తల తిరగడం, వికారం, వాంతులు అన్న వరుసను తీసివేయరాదు. నా భార్యను అంత పని చేసినది ఆ వరుసే అయినను, తీసివేయరాదు. ఇంకా పెద్ద అక్షరాలలో వేయించగలరు. కూడా "కొత్తగా కక్కులు పెడితే సంతోషపడండి, కాని ముందు కిటికీ తెరవండి" అని చేర్చగలరు.

ఇ) కింద చోటు మిగిలితే ఈ ఒక్క వాక్యము: "గీజరు గొట్టములో కుమ్మరి పురుగు గూడు పెడితే తీసివేయండి. పిల్లలు పుట్టేదుంటే గూడు తీసినా పుడతారు."

ఈ మూడవది వ్రాసినది ఎలీషమ్మ. అనగా, చెప్పినది. మాట మార్పించుటకు పోతున్నానని చెబితే ఆమె నా చేతిలోని కాగితము వైపు చూసి, "గిట్ల కూడ రాయుమను" అన్నది. "నాకు ఎవలూ జెప్పలే గీ ముక్క. ఇంకో అత్తకన్న ఎరుకైతది." మాట మారిన నాడు ఆమెను నేనే చెయ్యి పట్టుకొని ఆ మలుపుకు తీసుకుపోయి, మైకులో చదివినట్టు చదివి వినిపిస్తానని మాట ఇచ్చియున్నాను. ఆమె వస్తానన్నది. అన్నము తింటానని అనలేదు, వస్తానన్నది. తమ సంతకము కోసము ఆగి ఉన్నది అంతే.

వ్రాయవలసినది ఇంకా కలదు గాని కళ్ళద్దాలు మాటిమాటికి తుడుచుకోవలసి వస్తున్నందున ఇక్కడ ఆపుచున్నాను. ఒక్క మాటే గదా అని పక్కన పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయుడు, రోజీ మామ,
జయరాజు

తా.క.: అయ్యా, ఈ అర్జీ మడతపెట్టి కవరులో పెట్టబోతుండగా పెరట్లో ఎలీషమ్మ గొంతు వినిపించి పోయి చూశాను. గీజరును తమ వారు పట్టుకుపోయిన తర్వాత గోడలో గొట్టము తాలూకు రంధ్రము అలాగే ఉన్నది. అందులోకి కుమ్మరి పురుగు మళ్ళీ వచ్చింది. మళ్ళీ నల్లమన్నే. ఎలీషమ్మ చీపురు పట్టుకొని నిలబడి యున్నది. కొట్టడము లేదు. దానితో మాట్లాడుతున్నది. "ఎవలున్నరని వచ్చినవే మా ఇంటికి? ఎవలున్నరే? పో తల్లీ, ఇంకో ఇంటికి పో." అది పోయింది. మళ్ళీ మన్ను తీసుకొని వచ్చింది.

పైన నా చేతులతోనే వ్రాసియున్నాను, గూడు తీసివేయండి అని. కనుక రంధ్రము మూసివేయుదమని ఫిన్నీ సిమెంటు కలిపి గమేళాలో తెచ్చి పెట్టినాడు. కలిపి, తాపీ నా చేతికి ఇచ్చి లోపలికి పోయినాడు. నేను ఎలీషమ్మకు ఇచ్చాను. ఆమె మళ్ళీ నాకే ఇచ్చింది. సిమెంటు గమేళాలోనే గట్టిపడిపోయింది. ఇది కూడా పురుగుల కిందనే ఎక్కించి, దయచేసి ఎవరినైనా పంపగలరు. ఆ మందు కొట్టిన మనిషి అయితే మంచిది. ఆయనకు మేము ఏమీ చెప్పవలసిన పని ఉండదు.